కైతేపల్లి చెరువు నుండి మెల్బోర్న్ కొలను వరకు: ఈతగాడు షంషేర్ ఖాన్

2017 అక్టోబరు 15న షంషేర్ ఖాన్ అనే వృద్ధ సైనికుడు పరమపదించాడు. ఆయనది అప్పటి గుంటూరు జిల్లా, నేటి బాపట్ల జిల్లాలోని రేపల్లె మండలం కైతేపల్లి. అల్లాహ్ ఆయనను తన కారుణ్యంతో కప్పుగాక! మరునాటి పత్రికలలోనూ, ఆ తరువాత మన చేతి ఫోన్లలో తిరిగిన సందేశాలలోనూ ఆయన పేరుకు ముందు రెండు బిరుదులు కనిపించాయి. ఒకటి, ఒలింపిక్స్‌లో పాల్గొన్న తొలి భారతీయ ఈతగాడు. రెండవది, ఆ ఒలింపిక్స్‌లో అయిదవ స్థానం సాధించిన ఘనుడు. జమ్మలమడుగు, ప్రొద్దుటూరు, పులివెందులలోని ముస్లిం కుటుంబాలలోనూ ఆ సందేశాలు చేతులు మారాయి. మన తెలుగు నేలకు చెందిన ఒక ముస్లిం సైనికుడు ప్రపంచ వేదికపై అంతటి ఘనత సాధించాడంటే ఎవరికి సంతోషం కలగదు?

కాని ఆ రెండు బిరుదులూ నిలవవు.

మన దేశపు ఈతగాళ్ళు ఒలింపిక్స్‌కు వెళ్ళడం 1928లో ఆమ్‌స్టర్‌డామ్‌తోనే మొదలయింది. 1932లో లాస్ ఏంజెలెస్‌లో నలిన్ మాలిక్ ఈదాడు. 1948 లండన్ క్రీడలకు సచిన్ నాగ్ మొదలైనవారు వెళ్ళారు. ఆ సచిన్ నాగే 1951లో ఢిల్లీలో జరిగిన మొదటి ఆసియా క్రీడలలో నూరు మీటర్ల ఈతలో స్వర్ణ పతకం గెలిచాడు. 1952 హెల్సింకీ క్రీడలలో పదునొకండేళ్ళ ఆరతీ సాహా, ఆమెతో పాటు డాలీ నజీర్ పాల్గొన్నారు. షంషేర్ ఖాన్ మెల్బోర్న్‌కు వెళ్ళింది 1956లో. కనుక ఆయన తొలివాడు కాడు.

ఇక అయిదవ స్థానం మాట. మెల్బోర్న్‌లో రెండు వందల మీటర్ల బటర్‌ఫ్లై ఈతలో అమెరికాకు చెందిన విలియం యోర్జిక్ స్వర్ణం, జపాన్‌కు చెందిన తకాషి ఇషిమోతో రజతం, హంగరీకి చెందిన గ్యోర్గి తుంపెక్ కాంస్యం గెలిచారు. ఆ తుది పోటీలో అయిదవ స్థానం ఆస్ట్రేలియా ఈతగాడు జాన్ మార్షల్‌ది. షంషేర్ ఖాన్ ఈదింది ప్రాథమిక పోటీలలో. అక్కడి నుండి తుది పోటీకి చేరలేదు. ఒక మాట నోటి నుండి నోటికి ప్రయాణించే దారిలో ప్రాథమిక పోటీ, తుది పోటీ ఒకటైపోవడం వింతేమీ కాదు.

చనిపోయిన మంచి మనిషి బిరుదులను తవ్వి తీసి లెక్క చూడటం మర్యాదేనా అని కొందరికి అనిపించవచ్చు. న్యాయం కోసం స్థిరంగా నిలబడి సాక్ష్యం పలకమని, అది మీకే ప్రతికూలమైనా, మీ తల్లిదండ్రులకూ బంధువులకూ ప్రతికూలమైనా వెనుకాడవద్దని దివ్య ఖుర్‌ఆన్ అన్నిసా సూరాలో ఆదేశించింది. మనవాడు కదా అని సాక్ష్యానికి రంగులు అద్దే వెసులుబాటు అందులో లేదు. పైగా ఈనాటి పిల్లలు చురుకైనవారు. ఇంట్లో అబ్బా చెప్పిన మాటను ఫోనులో ఒక్క నిమిషంలో సరిచూసుకుంటారు. ఒక బిరుదు అబద్ధమని తేలితే షంషేర్ ఖాన్ గురించి చెప్పిన నిజాలను కూడా వారు నమ్మరు. ఆ నిజాలు చాలా గొప్పవి గనుకనే ఆయన గురించి వ్రాయవలసి వస్తోంది.

కైతేపల్లి కృష్ణా డెల్టాలోని పల్లె. కాలువలు, చెరువులు, వరిమళ్ళు ఉన్న ప్రాంతం. అక్కడ పశువులను కడగడానికి చెరువుకు తోలుకుపోయే పిల్లవాడు ఈతను విద్యగా నేర్చుకోడు. గేదెతో పాటు నీళ్ళలోకి దిగుతాడు, గేదెతో పాటు బయటికి వస్తాడు. షంషేర్ ఖాన్ కూడా బాల్యంలో ఊరి చెరువులో గేదెల మధ్యనే ఈత నేర్చాడు. శిక్షకుడు లేడు, గడియారం లేదు, నీళ్ళ అడుగున గీతలు లేవు.

డెల్టా పిల్లలకు దొరికిన ఈ భాగ్యం మన సీమ పిల్లలకు దొరకలేదు. మన పెన్నేరు ఏడాదిలో ఎక్కువ కాలం ఇసుకే. మన పెద్దల తరం ఈత నేర్చింది పొలాల్లోని బావులలో. నడుముకు బెండ్లో, ఎండిన సొరకాయ బుర్రో కట్టి, పైన తాడు పట్టుకుని ఒకరు నిలబడితే, పిల్లవాడు నాలుగు రోజులు నీళ్ళు మింగి అయిదవ రోజున తేలేవాడు. ఇది చిన్న విషయంగా తోచవచ్చు గాని, దీనికి ఒక మహోన్నతమైన పోలిక ఉంది. మహాప్రవక్త ముహమ్మద్ (స) ఆరేళ్ళ వయస్సులో తల్లి ఆమినాతో కలిసి మదీనాలోని మేనమామల వంశం వద్దకు వెళ్ళారు. ఆ రోజులలోనే బనూ అదీ బిన్ నజ్జార్ వారి బావిలో తాను ఈత నేర్చుకున్నానని తరువాతి కాలంలో ఆయన గుర్తు చేసుకున్నట్లు ఇబ్నె సఅద్ తన గ్రంథంలో నమోదు చేశాడు. నది లేని ఎడారి ఊరిలో, ఒక బావిలో! బావిలో తేలిన మన తాతలకు ఈ సంగతి తెలిసి ఉంటే ఎంత మురిసిపోయేవారో.

ఊరి చెరువు ఈతను పోటీ ఈతగా మార్చింది సైన్యం. యౌవనంలోనే సైన్యంలో చేరిన షంషేర్ ఖాన్ అక్కడ క్రమబద్ధంగా ఈదడం నేర్చాడు. 1954లో రెండు వందల మీటర్ల బటర్‌ఫ్లై ఈతలో జాతీయ రికార్డు నెలకొల్పాడు. మరుసటి ఏడు బెంగుళూరులో జరిగిన జాతీయ పోటీలలో పాత రికార్డులను దాటి ఈదాడు. ఆయన కీర్తికి అసలు పునాది ఇక్కడ ఉంది. దాని విలువ తెలియాలంటే ఆ ఈత ఎలాంటిదో తెలియాలి.

బటర్‌ఫ్లై అంటే సీతాకోకచిలుక. రెండు చేతులనూ ఒక్కసారిగా నీటి పైకి ఎత్తి, రెక్కల వలె ముందుకు విసిరి, నీటిని వెనక్కి లాగుతారు. రెండు కాళ్ళూ జోడించి చేప తోక వలె కొడతారు. ఈతలన్నిటిలో శరీరాన్ని త్వరగా అలసిపోయేట్లు చేసేది ఇదేనని ఈతగాళ్ళందరూ ఒప్పుకుంటారు. చెరువులో ఎవరూ ఇలా ఈదరు. ఇది జీవనావసరం నుండి పుట్టిన ఈత కాదు, పోటీలో నుండి పుట్టినది. 1930ల నాటికి కప్ప ఈత ఈదేవారిలో కొందరు చేతులను నీటి పైనుండి విసిరితే వేగం పెరుగుతుందని గ్రహించారు. 1952 హెల్సింకీ నాటికి కప్ప ఈత పోటీలో ఈ చేతుల విసురుదే పైచేయి అయింది. దానితో అంతర్జాతీయ ఈత సమాఖ్య రెండింటినీ వేరు చేసింది. వేరుపడిన బటర్‌ఫ్లై ఈతకు ఒలింపిక్స్‌లో ప్రత్యేక పోటీ పెట్టడం 1956 మెల్బోర్న్‌లోనే మొదలయింది.

తొలివాడు అనే బిరుదు పోయిందని బాధపడేవారు ఈ మాట గమనించాలి. ప్రపంచంలోని మేటి ఈతగాళ్ళే ఆ కొత్త ఈతకు ఇంకా అలవాటు పడుతున్న సమయంలో, గేదెల చెరువు నుండి వచ్చిన ఒక ఆంధ్ర సైనికుడు దానిని పట్టుకుని రెండేళ్ళలో దేశంలో మేటి అయ్యాడు. ఆ ఈతకు ఒలింపిక్స్ తలుపు తెరుచుకున్న మొదటిసారే ఆ గడప తొక్కాడు. ఈ నిజానికి అదనపు అలంకారం అక్కరలేదు.

1956 నవంబరు 1న ఆంధ్రప్రదేశ్ రాష్ట్రం ఏర్పడింది. నవంబరు 22న మెల్బోర్న్ క్రీడలు ప్రారంభమయ్యాయి. అంటే మూడు వారాల వయస్సు గల రాష్ట్రం నుండి ఒక పల్లెటూరి ముస్లిం యువకుడు దేశం పేరు ఛాతీపై ధరించి సముద్రాలు దాటాడు. ఆనాటి మన పాలకులకు ఆ సంగతి ఎంతమాత్రం పట్టిందో గాని, ప్రయాణం మాత్రం సుఖంగా సాగలేదు. ప్రభుత్వం విమానపు ఖర్చు భరించిందని, భోజనం వంటి మిగిలిన ఖర్చులకు తానే అప్పు చేయవలసి వచ్చిందని, ఆ సొమ్ము తరువాత తన జీతం నుండి కోతపడిందని ఆయన వృద్ధాప్యంలో విలేఖరులతో చెప్పినట్లు వార్తలు వచ్చాయి. ఒకవైపు అమెరికా, జపాన్, ఆస్ట్రేలియాల వారు ఏళ్ళ తరబడి శిక్షకుల పర్యవేక్షణలో, లెక్క ప్రకారం తింటూ తయారై వచ్చారు. మరోవైపు రేపటి పూట భోజనానికి లెక్క చూసుకునే సైనికుడు. వీరంతా ఒకే నీటిలో దిగారు. తుది పోటీకి చేరకపోవడం ఆయన లోపమని ఎవరనగలరు?

మెల్బోర్న్ తరువాత ఆయన కథ క్రీడాకారుడి కథ కాదు, సిపాయి కథ. 1962లో చైనాతో జరిగిన యుద్ధంలో, 1971 యుద్ధంలో పాల్గొన్నాడు. 1973లో సుబేదారుగా పదవీ విరమణ చేసి కైతేపల్లికి తిరిగి వచ్చాడు. ఆ తరువాత నాలుగు దశాబ్దాలకు పైగా సైనిక పింఛనుతో కాలం గడిపాడు. క్రీడాకారుడిగా చెప్పుకోదగిన సహాయం గాని, గుర్తింపు గాని ప్రభుత్వాల నుండి అందలేదన్న బాధ ఆయనలో ఉండిపోయిందని పత్రికలు వ్రాశాయి. 2016లో రియో ఒలింపిక్స్ జరిగిన సమయంలో విలేఖరులు కొందరు ఆయనను వెతుక్కుంటూ వచ్చారు. బిరుదులు ఊరూరా పాకింది ప్రధానంగా ఆ వార్తలతోనే. అరవై ఏళ్ళు పట్టించుకోనివారు ఒక్కరోజులో పట్టించుకోవలసి వచ్చినప్పుడు, మామూలు మాటలు చాలవు కాబోలు. తొలివాడు, అయిదవవాడు అంటే తప్ప వార్త అచ్చుకు ఎక్కదేమో! ఉన్నవాడిని ఉన్నట్లుగా గౌరవించని సమాజం, పోయిన తరువాత లేనివి తగిలించి ఋణం తీర్చుకోజూస్తుంది.

ఇదే కాలంలో ఈజిప్టులో మరొక ముస్లిం ఈతగాడు ఉండేవాడు. పేరు అబ్దుల్లతీఫ్ అబూ హైఫ్. 1929లో అలెగ్జాండ్రియాలో సముద్రపు ఒడ్డున పుట్టాడు. ఆయన కూడా సైనికుడే, ఈజిప్టు సైన్యంలో అధికారి. సుదీర్ఘ దూరాల సముద్రపు ఈతలో ఆయనకు సాటి వచ్చినవారు అరుదు. ఇంగ్లీషు ఛానల్‌ను ఈదాడు, 1955లో ఆ ఛానల్ పందెం గెలిచాడు. ఆ ముందటి ఏడాది ఎడ్వర్డ్ మే అనే ఆంగ్లేయుడు ఒంటరిగా ఛానల్ ఈదబోయి మునిగి చనిపోయాడు. ఆయన పిల్లలు అనాథలయ్యారు. అబూ హైఫ్ తనకు వచ్చిన బహుమతి సొమ్మును ఆ అనాథలకు ఇచ్చివేశాడు. వారు తన దేశంవారు కారు, తన ధర్మంవారూ కారు. అప్పటికి ఈజిప్టుకు, ఇంగ్లండుకు మధ్య సంబంధాలు కూడా అంత సజావుగా లేవు. మరుసటి ఏడే సూయెజ్ యుద్ధం వచ్చింది. 2008లో ఆయన మరణించే నాటికి అంతర్జాతీయ ఈత సంస్థలు ఆయనను శతాబ్దపు మేటి దూరపు ఈతగాడిగా గౌరవించి ఉన్నాయి. అయినా ఈతగాళ్ళు ఆయన పేరు తలచుకున్నప్పుడు గెలిచిన పందేలతో పాటు ఆ అనాథల సంగతీ చెబుతారు.

అబూ హైఫ్‌తో పోల్చి షంషేర్ ఖాన్‌ను తక్కువ చేయడం ఉద్దేశం కాదు. ఒకరికి సముద్రం, దేశం, పత్రికలు, అన్నీ అండగా నిలిచాయి. మరొకరికి చెరువూ, పటాలమూ తప్ప మరేమీ లేదు. కైతేపల్లిలో ఒక కొలను ఉండి, 1973లో తిరిగివచ్చిన సుబేదారును అక్కడ పిల్లలకు శిక్షకుడిగా నియమించి ఉంటే ఈ నాలుగు దశాబ్దాలలో ఎందరు ఈతగాళ్ళు తయారై ఉండేవారో! ఆయన చేతిలో ఉన్న విద్య ఆయనతోనే ఊరి మట్టిలో కలిసిపోయింది. నాకు అన్నిటికంటే బాధ కలిగించేది ఇదే. బిరుదులు పోతే పోనీ.

ఈ బాధకు మన ప్రాంతంలో మరింత అర్థం ఉంది. మైలవరం జలాశయం, గండికోట జలాశయం వచ్చాక జమ్మలమడుగు చుట్టూ మునుపు ఎరుగనంత నీరు నిలిచింది. పులివెందుల వైపు చిత్రావతి జలాశయం, ప్రొద్దుటూరు వైపు కె.సి. కాలువ. పెన్నేటిలో ఇసుక తవ్విన గుంతలు వాన పడితే మడుగులవుతాయి. పైకి మోకాలి లోతు కనిపించి, రెండడుగులు వేస్తే నిలువు లోతు. నీరు పెరిగింది గాని, ఈత నేర్పే బావులు మూతపడ్డాయి. చాలా బావులు బోరుబావుల దెబ్బకు ఎండిపోయాయి. తాడు పట్టుకుని పైన నిలబడే పెద్దలకు తీరిక లేదు. కనుక ఈనాడు మన పట్టణపు పిల్లవాడు ఈత రాకుండానే నీటి దగ్గరికి వెళుతున్నాడు, అది కూడా సెలవు రోజున, స్నేహితులతో, ఇంట్లో చెప్పకుండా.

2021లో ప్రపంచవ్యాప్తంగా సుమారు 3 లక్షల మంది నీట మునిగి మరణించారని ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్క. వారిలో దాదాపు నాలుగో వంతు అయిదేళ్ళ లోపు పసివారు. పసివారిని నీటి దగ్గరకు చేరనీయకుండా అడ్డుకట్టలు, కాపలా ఉండాలని, బడి ఈడు పిల్లలకు ప్రాథమిక ఈత, నీటి జాగ్రత్తలు, మునిగేవారిని తాను మునగకుండా కాపాడే పద్ధతి నేర్పాలని ఆ సంస్థ సిఫారసు చేస్తోంది. మునిగేవాడి కోసం దూకి, ఇద్దరూ పోయిన వార్తలు మనం చదువుతూనే ఉంటాము. తాడో, తువాలో, వెదురుకర్రో, గాలి నింపిన ట్యూబో విసరడం దూకడం కంటే మేలని పిల్లలకు ఎవరు చెబుతున్నారు?

మన ధర్మంలో ఈత స్థానం గురించి కూడా ఇక్కడ ఒక జాగ్రత్త అవసరం. మీ పిల్లలకు ఈత, విలువిద్య, గుర్రపు స్వారీ నేర్పండి అనే అర్థం గల మాట ప్రవక్త (స) వచనంగా విరివిగా ప్రచారంలో ఉంది. హదీసు పండితులు ఆ రూపంలో దాని పరంపరను బలహీనమైనదిగా పరిగణించారు. పిల్లలకు ఈత నేర్పమని హజ్రత్ ఉమర్ (రజి) సిరియాలోని హజ్రత్ అబూ ఉబైదా (రజి)కు వ్రాసినట్లు ముస్నద్ అహ్మద్‌లో ఉంది. దైవస్మరణ లేని వినోదాలలో కూడా వ్యర్థం కానివి నాలుగున్నాయని, వాటిలో ఈత నేర్చుకోవడం ఒకటని తెలిపే హదీసును ఇమామ్ నసాయీ ఉల్లేఖించారు. ఈ రెండూ చాలవా? ఎవరి మాటను వారికే ఆపాదించడం మన పూర్వ పండితులు ప్రపంచానికి నేర్పిన విద్య. ఒక్క వాక్యం నిజానిజాలు తేల్చడానికి నెలల తరబడి ఒంటెలపై ప్రయాణం చేసిన జాతి మనది. ఆ జాతి వారసులు షంషేర్ ఖాన్ స్థానాన్ని ఒక్కసారి సరిచూడకుండా వందమందికి పంపడం చూస్తే విచారం కలుగుతుంది.

ఆడపిల్లల సంగతి అడగని తల్లి ఉండదు. నీరు ఆడా మగా చూడదు. కాలువ గట్టున బట్టలు ఉతకడానికి, బిందె ముంచడానికి వెళ్ళేది ఎక్కువగా వారే. స్త్రీలకు వేరు సమయం, నమ్మకమైన మహిళా శిక్షకురాలు, చాటు ఉన్న స్థలం, ఒళ్ళు కప్పే దుస్తులు ఉంటే ధర్మపరమైన అభ్యంతరానికి తావుండదు. మగపిల్లల విషయంలోనూ సతర్ నియమం ఉందని మరువరాదు. నాభి నుండి మోకాలి దాకా కప్పే నిక్కరుతో ఈత బాగానే సాగుతుంది.

కొలను కట్టడానికి కోట్లు కావాలి. అంతవరకు ఆగనక్కరలేదు. మన మస్జిద్ కమిటీలలో పెళ్ళిళ్ళకు, ఇఫ్తార్ విందులకు అయ్యే ఖర్చు ఎవరికీ తెలియనిది కాదు. వేసవి సెలవులలో నలభై రోజులు, ఫజ్ర్ నమాజు తరువాత ఒక గంట, అనుమతి ఉన్న నిస్సారమైన నీటిలో, తాడు, ట్యూబులు, ఈత వచ్చిన ఇద్దరు ముగ్గురు పెద్దల పర్యవేక్షణ చాలు. మన మొహల్లాలలో డెబ్బయి ఏళ్ళు దాటిన చాచాలు, నానాలు ఎందరో ఒకప్పుడు ఇరవై నిలువుల బావిలో దూకినవారే. పక్క ఊళ్ళలో సైన్యం నుండి విరమించిన హవల్దార్లు, సుబేదార్లు ఉన్నారు. వారి ఇంటికి వెళ్ళి సలాం చెప్పి, మా పిల్లలకు నేర్పండి సాబ్ అని అడిగినవారు మాత్రం ఇంతవరకు తక్కువ.